ఎడమ గడ్డానికి దెబ్బ, కుడి చెవి ముందు నొప్పి: కింది దవడ ఎముక రెండుచోట్ల విరిగిన ఒక కేసు

రోగి 31 ఏళ్ళ పురుషుడు. ద్విచక్ర వాహనం అదుపు తప్పి బోర్లా పడ్డాడు. గడ్డం ఎడమవైపు నేలకు తగిలింది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు. మొదట చూసినచోట గడ్డం కింద చిట్లిన చర్మానికి కుట్లు వేసి, దవడ మొత్తం ఒకే ఫిల్ములో కనిపించే పనోరమిక్ ఎక్స్‌రే తీసి మర్నాడు మా విభాగానికి పంపారు. వెంట తెచ్చిన కాగితం మీద ఒకటే వాక్యం: కింది దవడ ముందు భాగంలో ఎడమవైపు ఫ్రాక్చర్. అతను చెప్పిన బాధలు మాత్రం మూడు. పళ్ళు మునుపటిలా కలవడం లేదు. కింది పెదవి ఎడమ సగం మొద్దుబారింది. కుడి చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే ఎక్కువవుతోంది.

మూడో బాధకు ఆ కాగితంలో సమాధానం లేదు. దెబ్బ ఎడమవైపు, ఎక్స్‌రేలో కనిపించిన గీత ఎడమవైపు; మరి నొప్పి కుడి చెవి దగ్గర ఎందుకు? ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇదేమీ అరుదైన గాయం కాదు, ముఖ గాయాలు చూసే ఏ విభాగంలోనైనా తరచుగా ఎదురయ్యేదే. అయితే దీన్ని సరిగా అర్థం చేసుకోవాలంటే కింది దవడ నిర్మాణం దాదాపు మొత్తం గుర్తుండాలి. విద్యార్థులు ఎండు ఎముకను చేతిలో తిప్పుతూ గుంటలు, గీతలు, రంధ్రాల పేర్లు వల్లెవేస్తారు. ఆ గుంటల్లో, గీతల మీద ఏ కండరాలు అతుక్కుని ఉంటాయో పరీక్ష అయ్యాక మరిచిపోతారు. నా దృష్టిలో దవడ ఎక్కడ విరిగిందో కనుక్కోవడం సగం పని కూడా కాదు. విరిగిన ముక్కను ఏ కండరం ఎటు లాక్కుపోతోందో తెలిశాకే చికిత్స మొదలవుతుంది.

పరీక్షలో కనిపించినవి

దవడ గాయంతో వచ్చినవారిలో దవడను చివరగా చూడాలి. ముందు శ్వాస, మెడ, తల. ఇతనికి ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది లేదు. ఇదే ఫ్రాక్చర్ గడ్డానికి రెండువైపులా ఉండి ఉంటే ఈ మాట ఇంత నిశ్చింతగా రాయలేను. నాలుకను ముందుకు పట్టి ఉంచే జీనియోగ్లాసస్ కండరం గడ్డం ఎముక లోపలి గోడ మీద, నడిమధ్యన ఉండే చిన్న బొడిపెల నుంచి మొదలవుతుంది. ఆ ముక్క రెండువైపులా తెగి వెనక్కి జారితే నాలుక కూడా దానితోపాటే గొంతు మీదికి జారుతుంది. అలాంటి రోగి లేచి కూర్చోవడానికి పెనుగులాడుతుంటే నచ్చజెప్పి వెల్లకిలా పడుకోబెట్టడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

నోట్లో చూస్తే ఎడమ కోరపన్నుకూ దాని వెనకనున్న మొదటి చిన్న దవడపన్నుకూ మధ్య మెట్టు ఏర్పడింది. కోరపన్ను ఉన్న వైపు కిందికి దిగింది. దవడపళ్ళ వైపు పైకి లేచి, కొద్దిగా నాలుక వైపు ఒరిగింది. రెండు చేతులతో పట్టి కదిపితే ఆ రెండు భాగాలూ వేరువేరుగా కదిలాయి. నాలుక ఎత్తించి చూస్తే నోటి అడుగున ఎడమవైపు రక్తం కమ్మి నీలంగా ఉంది. ఈ మచ్చకు నేను చాలా విలువ ఇస్తాను. దెబ్బ తగిలిన బయటి వైపు వాపు, కమిలిన మచ్చ ఎలాగూ ఉంటాయి, వాటిని బట్టి ఎముక సంగతి చెప్పలేం. లోపలి వైపు రక్తం చేరాలంటే మాత్రం ఎముక లోపలి గోడ, దాన్ని అంటిపెట్టుకున్న పొర చీలి ఉండాలి.

నోరు తెరిపిస్తే పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య దూరం 22 మి.మీ. మాత్రమే. పెద్దవారిలో మామూలుగా ఇది 40 నుంచి 50 మి.మీ. ఉంటుంది. తెరిచేకొద్దీ గడ్డం కుడివైపుకు మళ్ళిపోతోంది. మూసినప్పుడు కుడివైపు చివరి దవడపళ్ళు ముందుగా తగిలి, ముందు పళ్ళ మధ్య ఖాళీ మిగిలిపోతోంది. రెండు చెవుల్లో చిటికెన వేళ్ళు ఉంచి నోరు తెరవమన్నాను. ఎడమవైపు దవడ తల, అంటే చెవి ముందు కీలులో ఇమిడే ఎముక కొస, ముందుకు జారడం వేలికి తెలిసింది. కుడివైపు ఏ కదలికా లేదు. పైగా కుడి చెవి కాలువ ముందు గోడలో చిన్న చీలిక, ఎండిన రక్తం ఉన్నాయి. కర్ణభేరి బాగానే ఉంది. చెవిలో రక్తం కనిపిస్తే పుర్రె అడుగు ఎముక విరిగిందేమోనని మొదట అనుమానించాలి, అందులో రెండో మాట లేదు. ఆ అనుమానం తీరాక దవడ తలను గుర్తు చేసుకోవాలి. దానికి సరిగ్గా వెనకనే, పలచని ఎముక పలక అవతల, చెవి కాలువ ఉంటుంది. గడ్డానికి తగిలిన దెబ్బ దవడ తలను వెనక్కి నెట్టి ఆ గోడకు కొడుతుంది.

చివరగా స్పర్శ. సూది మొన తాకిస్తే కింది పెదవి మధ్య నుంచి ఎడమ మూల వరకు, అక్కడి నుంచి గడ్డం చర్మం దాకా అతనికి ఏమీ తెలియలేదు. నాలుక ఎడమ సగంలో స్పర్శ, రుచి మామూలుగా ఉన్నాయి.

ఇంతవరకు వచ్చేసరికి కుడివైపు కూడా ఎముక విరిగిందన్న సంగతిలో నాకు సందేహం మిగల్లేదు. ఆ తర్వాతే పనోరమిక్ ఎక్స్‌రేను మళ్ళీ వెలుతురుకు పట్టాను. కుడి కండైల్ (దవడ తల ఉండే కొమ్ము) కింద అంచు కొంచెం మందంగా, రెండు ఛాయలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంది. అక్కడ ఏముందో తెలిసి చూస్తే కనిపిస్తుంది, లేకపోతే కన్ను దాటిపోతుంది. ముక్క లోపలి వైపుకు ఒరిగినప్పుడు పక్క నుంచి తీసిన చిత్రంలో ఒరుగుదల తెలియదు. ఎదురుగా తీసిన మరో ఎక్స్‌రే కావాలి, లేదా సీటీ స్కాన్.

వలయంలా పనిచేసే ఎముక

కింది దవడలో అడ్డంగా, గుర్రపు లాడంలా వంగిన భాగం మీద పళ్ళు ఉంటాయి. దాని రెండు చివర్లలో రెండు నిలువు పలకలు పైకి లేస్తాయి, వీటిని రేమస్ అంటారు. ఒక్కో పలక పైన రెండు కొమ్ములు. ముందు కొమ్ము పలచని కరొనాయిడ్, కణత నుంచి దిగివచ్చే టెంపొరాలిస్ కండరానికి పట్టు. వెనక కొమ్ము కండైల్, సన్నని మెడ మీద నిలిచిన తల. ఆ తల పుర్రెలోని గుంటలో కీలుగా ఇముడుతుంది. చెవి లోపలి బుల్లి ఎముకలను మినహాయిస్తే పుర్రెలో కదిలే ఎముక ఇదొక్కటే. ఒకే ఎముకకు చెరో చివర కీలు ఉండటం వల్ల ఒక కీలును వదిలేసి రెండోది కదలలేదు. రెండు కీళ్ళ ద్వారా పుర్రెతో కలిసి ఇది మూసిన వలయంగా ప్రవర్తిస్తుంది. మట్టిగాజును ఒకచోట నొక్కితే నొక్కినచోటే కాక ఎదురు వంపులోనూ పుటుక్కుమంటుంది, దవడ కూడా అంతే. ఎడమ గడ్డం మీద పడిన బలం ఎముకను అక్కడ వంచి విరిచాక, మిగిలినది వంపు వెంబడి ప్రయాణించి అవతలి వైపు కండైల్ మెడ దగ్గర తేలుతుంది. దవడలో ఒక ఫ్రాక్చర్ దొరికితే రెండోది లేదని రుజువయ్యేవరకు ఉన్నట్టే లెక్క.

ఏయే చోట్ల విరుగుతుందన్నది కూడా యాదృచ్ఛికం కాదు. కోరపన్ను వేరు కింది వరసలోకెల్లా పొడవైనది, అది ఎముకలోకి దిగినంత మేర ఎముక తగ్గుతుంది. దాని పక్కనే, చిన్న దవడపళ్ళ వేర్ల కింద, పెదవికి వెళ్ళే నాడి బయటపడే మెంటల్ రంధ్రం. అంటే పొడవైన వేరు ఒకటి, రంధ్రం ఒకటి పక్కపక్కనే ఉన్న ప్రాంతం. ఇతని ఫ్రాక్చర్ గీత సరిగ్గా అక్కడ కోరపన్ను వెనక మొదలై, ఏటవాలుగా దిగి, రంధ్రం ముందు అంచును తాకుతూ కింది అంచుకు చేరింది. వెనక వైపు బలహీనమైన చోటు జ్ఞానదంతం ఉండే మూల. ఎముకలో ఇరుక్కుపోయిన జ్ఞానదంతం ఉన్నవారిలో ఆ మూల విరిగే అవకాశం ఎక్కువ, కండైల్ విరిగే అవకాశం తక్కువ. మా రోగికి కింది జ్ఞానదంతాలు రెండూ కొన్నేళ్ళ క్రితమే తీసేశారు. మూల గట్టిగా ఉండటంతో బలం నేరుగా కండైల్ మెడ దాకా పోయి ఉండవచ్చు.

గడ్డం నడిమధ్య మాత్రం విరగడానికి అంత సులువుగా ఒప్పుకోదు. పుట్టినప్పుడు దవడ రెండు సగాలుగా ఉంటుంది, తొలి ఏడాదిలోనే అవి కలిసిపోయి మధ్యలో దట్టమైన ఎముక ఏర్పడుతుంది. ఈ చిన్న విషయం మీద చరిత్రలో పెద్ద పొరపాటే నడిచింది. జంతువులను కోసి చూసిన ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ మనిషి కింది దవడ కూడా రెండు ఎముకలని చెప్పాడు. కుక్కల్లో, పశువుల్లో అది నిజమే. ఆ మాట వెయ్యేళ్ళు చెల్లింది. 1200 ప్రాంతంలో ఈజిప్టు కరువులో పోగుపడ్డ అస్థిపంజరాలను పరిశీలించిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలు చూశాననీ, దవడ మధ్యలో అతుకు ఎక్కడా లేదనీ రాశాడు. యూరప్‌లో అదే మాట చెప్పడానికి 1543లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెసేలియస్ రావలసి వచ్చింది. కళ్ళెదుటి ఎముక కన్నా పుస్తకాన్ని నమ్మే అలవాటు మా వృత్తికి కొత్తది కాదు.

కండైల్ మెడ సన్నగా ఉండటం మొదట లోపంలా కనిపిస్తుంది. కానీ దవడ తల కూర్చునే గుంట పైకప్పు చాలా పలచన, దాని మీదనే మెదడు. మెడ విరిగి బలాన్ని తనమీద వేసుకోకపోతే తల ఆ పైకప్పును పొడుచుకుని పైకి వెళ్ళేది. అలా వెళ్ళిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి, అరుదు కావడానికి ఆ సన్నని మెడే కారణం.

కండరాల లాగుడు

కుడివైపు ఏం జరిగిందో చూద్దాం. కండైల్ మెడ ముందు భాగంలోని చిన్న గుంటలో లేటరల్ టెరిగాయిడ్ కండరం అతుక్కుంటుంది. నోరు తెరిచేటప్పుడు దవడ తలను ముందుకు లాగేది ఇదే. మెడ కింద ఎముక విరగగానే ఆ కండరం చేతికి చిక్కిన చిన్న ముక్క ముందుకు, లోపలికి ఒరిగిపోయింది. ఇటు రేమస్ బయటి ముఖాన మాసెటర్, లోపలి ముఖాన మీడియల్ టెరిగాయిడ్, పైన టెంపొరాలిస్, మూడూ పైకి లాగేవే. పైన ఆపే కొమ్ము లేదు కనుక రేమస్ పైకి జరిగింది. కుడి రేమస్ పొట్టిదైతే కుడి చివరి దవడపళ్ళు ముందుగా తగులుతాయి, ముందు భాగం తెరుచుకునే ఉంటుంది. నోరు తెరిచినప్పుడు ఎడమ కండైల్ ఒక్కటే ముందుకు జారుతుంది, కుడిది నిలబడిపోతుంది, కాబట్టి గడ్డం కుడికి తిరుగుతుంది. విరిగిన వైపే తిరుగుతుందన్న సూత్రాన్ని కంఠస్థం చేయాల్సిన పని లేదు, ఒక్క కండరం గుర్తుంటే చాలు.

ఎడమవైపు మెట్టుకు కారణమూ ఇలాంటిదే. గడ్డం లోపలి వైపు కింద డైగాస్ట్రిక్, జీనియోహయాయిడ్ కండరాలు పట్టుకుని ఉంటాయి, అవి ముందు ముక్కను కిందికి, వెనక్కి దించాయి. వెనక ముక్క మీద మాసెటర్ పెత్తనం, అది పైకి లేచింది. నోటికి అడుగు పరిచే మైలోహయాయిడ్ దాన్ని నాలుక వైపు ఒంచింది. నోట్లో కనిపించిన మెట్టు ఈ మూడు లాగుళ్ళ మొత్తం.

మొద్దుబారిన పెదవి

ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి మూడో శాఖ నుంచి విడివడిన ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నాడి రేమస్ లోపలి ముఖంలోని రంధ్రం ద్వారా ఎముకలోకి దిగుతుంది. దంతవైద్యులు కింది దవడకు మత్తు ఇచ్చేది ఈ ద్వారం దగ్గరే. అక్కడి నుంచి పళ్ళ వేర్ల కింద కాలువలో నడిచి, చిన్న దవడపళ్ళ దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి మెంటల్ నాడిగా రంధ్రం నుంచి బయటికి వచ్చి పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. రెండోది ఎముక లోపలే ముందుకు సాగి కోరపన్నుకు, ముందు పళ్ళకు చేరుతుంది. నాలుకకు వెళ్ళే నాడి ఈ కాలువలోకి రాదు, బయటే ఉండి జ్ఞానదంతం పక్కగా పోతుంది. నాలుక బాగుండి పెదవి ఒక్కటే మొద్దుబారిందంటే దెబ్బ కాలువలోనో, రంధ్రం దగ్గరో తగిలిందన్నమాట.

శస్త్రచికిత్సకు ముందే ఈ లోపాన్ని పెదవి బొమ్మ గీసి, హద్దులు గుర్తించి, రోగికి చూపించి రికార్డులో పెట్టడం నాకు అలవాటు. ఆపరేషన్ తర్వాత గమనిస్తే రోగికి అది ఆపరేషన్ వల్ల వచ్చినట్టే ఉంటుంది. సర్జన్‌కు కూడా ఏది ముందుది, ఏది తర్వాతదో తెలియని స్థితి వస్తుంది.

తీసుకున్న నిర్ణయం

సీటీ స్కాన్‌లో కుడి కండైల్ మెడ కింద ఫ్రాక్చర్ తేటగా కనిపించింది. ముక్క లోపలి వైపుకు 32 డిగ్రీలు ఒరిగింది, రేమస్ ఎత్తు 6 మి.మీ. తగ్గింది. తల మాత్రం గుంటలోనే ఉంది.

ఎడమ ఫ్రాక్చర్‌ను తెరిచి ప్లేట్లు వేయడంలో చర్చ లేదు. కండైల్ విషయంలోనే దశాబ్దాలుగా వాదన ఉంది. పై, కింది పళ్ళను కొంతకాలం కట్టి ఉంచి, తర్వాత రబ్బరు బ్యాండ్లతో దారిలో పెట్టడం పాత పద్ధతి. పళ్ళను తీగతో కట్టడం హిప్పోక్రాటిస్ సంప్రదాయం నాటి నుంచీ ఉన్నదే, అప్పట్లో బంగారు తీగ లేదా నార దారం వాడమన్నారు. ఒరుగుదల తక్కువ ఉన్నవారిలో అది ఇప్పటికీ మంచి చికిత్సే. అయితే 10 నుంచి 45 డిగ్రీల ఒరుగుదల లేదా 2 మి.మీ. పైన పొట్టిదనం ఉన్న ఫ్రాక్చర్ల మీద ఎకెల్ట్ బృందం అనేక కేంద్రాల్లో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 66 మంది రోగుల్లోని 79 ఫ్రాక్చర్లను పోలిస్తే, తెరిచి సరిచేసినవారికే కదలిక, నొప్పి విషయాల్లో మెరుగైన ఫలితాలు వచ్చాయి. మా రోగి ఆ కొలతల్లోకి వస్తాడు. పైగా పళ్ళ వరస కూడా ముందు భాగంలో విరిగింది, అంటే పళ్ళను కట్టి ఉంచే చికిత్సకు ఆధారంగా నిలవాల్సిన వంపే స్థిరంగా లేదు. అందుకే రెండు వైపులా తెరవాలని నిర్ణయించాం.

వయసు వేరైతే ఇదే గాయానికి ఇదే జవాబు రాయను. ఎనిమిదేళ్ళ పిల్లవాడైతే కండైల్ జోలికి పోయేవాణ్ణి కాదు. పిల్లల్లో ఆ భాగం తనంతట తాను మళ్ళీ రూపు దిద్దుకోగలదు. ఎక్కువకాలం కట్టి ఉంచితే కీలు బిగుసుకుపోయే ప్రమాదమే వారిలో పెద్దది, కాబట్టి తొందరగా నోరు కదిలించాలి. ముందు భాగంలో స్క్రూ వేద్దామన్నా ఎముక నిండా రాబోయే పళ్ళ మొగ్గలే. పళ్ళన్నీ పోయిన వృద్ధులలో కథ మరోలా ఉంటుంది. పళ్ళను పట్టి ఉంచిన ఎముక కరిగిపోయి దవడ పెన్సిలంత సన్నబడవచ్చు, మెంటల్ రంధ్రం పై అంచుకు చేరిపోతుంది, లోపలి ధమని ప్రవాహం తగ్గి ఎముక పైపొర నుంచి వచ్చే రక్తం మీదే ఆధారపడుతుంది. అక్కడ చిన్న ప్లేట్లు సరిపోవు, నమిలే భారమంతా తానే మోసే దళసరి ప్లేటు కావాలి. పైపొరను వీలైనంత తక్కువగా లేపాలి.

శస్త్రచికిత్స

మత్తు గొట్టం ముక్కు ద్వారా వేయించాం. పళ్ళు కలుస్తున్నాయో లేదో చూడటమే ఈ ఆపరేషన్‌కు కొలబద్ద, నోట్లో గొట్టం ఉంటే పళ్ళు కలవవు. పై, కింది వరసలకు ఆర్చ్ బార్లు, అంటే పళ్ళ వెంబడి వంచిన లోహపు పట్టీలు, కట్టాం.

ముందు ఎడమవైపు. పెదవి లోపలి పొర మీద కోత, చర్మం మీద మచ్చ లేకుండా. గడ్డం కండరం మెంటాలిస్‌ను కోసేటప్పుడు ఎముక వైపు కొంత కండ వదలాలి, మూసేటప్పుడు దాన్ని తిరిగి కుట్టకపోతే గడ్డం చర్మం కిందికి వేలాడుతుంది. మెంటల్ నాడిని వెతికి, చుట్టూ ఉన్న పొరను విడదీసి, వదులు చేశాం. నాడి తెగలేదు, సాగి నలిగింది. రంధ్రం నుంచి బయటపడే ముందు నాడి కొందరిలో కొన్ని మి.మీ. ముందుకు వెళ్ళి, వంపు తిరిగి వెనక్కి వస్తుంది. కాబట్టి రంధ్రానికి ముందు ఎముక ఖాళీగా ఉందనుకుని స్క్రూ దింపకూడదు.

ప్లేట్లు ఎక్కడ పెట్టాలన్నదానికి స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన షాంపీ బృందం 1978లో ఇచ్చిన గీతలే ఇప్పటికీ మాకు మార్గం. నమిలేటప్పుడు దవడ పై అంచు విడిపోవాలని చూస్తుంది, కింది అంచు నొక్కుకుంటుంది. అందుకే మెంటల్ రంధ్రానికి వెనక ఉన్న ఫ్రాక్చర్లకు పై భాగంలో ఒక చిన్న ప్లేటు సరిపోతుంది. రెండువైపుల మెంటల్ రంధ్రాల మధ్య ప్రాంతంలో మాత్రం ఎముక మెలి కూడా తిరుగుతుంది, ఒక ప్లేటు చుట్టూ ముక్కలు గిర్రున తిరగగలవు. అక్కడ రెండు కావాలి. పై ప్లేటుకు బయటి గోడను మాత్రమే పట్టే 6 మి.మీ. స్క్రూలు వాడాం, వేర్లు లోపలే ఉన్నాయి కనుక. కింది ప్లేటును నాడికి దిగువన, కింది అంచు దగ్గర వేశాం.

ఈ గాయాల జంటలో నేను అన్నిటికన్నా జాగ్రత్తపడేది ఒక దగ్గర. ముందు భాగం, కండైల్ రెండూ విరిగినప్పుడు దవడ వెడల్పును పట్టి ఉంచేది ఏదీ లేదు. మాసెటర్ లాగుడుకు రేమస్ బయటికి విచ్చుకుంటుంది. ఆ స్థితిలో పళ్ళను తీగతో బిగిస్తే ముందు వైపు గీత అందంగా మూసుకుపోతుంది, వెనక, నాలుక వైపు మాత్రం చీలిక తెరుచుకుంటుంది. సర్జన్‌కు ఎదురుగా కనిపించేది ముందు గోడే కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. ఆ తప్పు మీదనే కండైల్‌ను బిగిస్తే ముఖం శాశ్వతంగా వెడల్పవుతుంది, దవడపళ్ళ లోపలి కొసలు కలవవు. విరుగుడు చాలా మోటైనది: సహాయకుడు రెండు దవడ మూలల మీద అరచేతులుంచి గట్టిగా లోపలికి నొక్కి పట్టాలి, ప్లేటును ఎముక వంపు కన్నా కొంచెం ఎక్కువ వంచాలి, స్క్రూలు బిగించే ముందు దవడపళ్ళ లోపలి కొసలను కళ్ళతో చూడాలి. మొదటిసారి బిగించినప్పుడు మాకు నాలుక వైపు సందు సన్నగా తెలిసింది. ప్లేటును మళ్ళీ వంచి వేశాక అది పోయింది.

తర్వాత కుడి కండైల్. చెవి తమ్మె కింద నుంచి రేమస్ వెనక అంచు వెంబడి కోత. ఇక్కడి నుంచి ప్రతి మిల్లీమీటరుకూ లెక్క ఉంటుంది. చెవి ముందుండే లాలాజల గ్రంథి పరోటిడ్‌లో ముఖ నాడి శాఖలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. వాటిలో కింది పెదవిని దించే మార్జినల్ శాఖ మీదే మా భయమంతా. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ శవాల 100 ముఖార్ధాలను కోసి చూస్తే, ముఖ ధమనికి వెనకవైపు 81 శాతంలో అది దవడ కింది అంచుకు పైనే ఉంది, మిగిలిన 19 శాతంలో అంచుకు దిగువన 1 సెం.మీ. వరకు దిగింది. కాబట్టి అంచును నమ్ముకోకుండా, నాడి శాఖలు నడిచే దిశకు సమాంతరంగా గ్రంథిని, మాసెటర్‌ను విడదీస్తూ, శాఖల మధ్య నుంచి ఎముకకు చేరాం. కండరాలు పూర్తిగా సడలే మందు ఇప్పించి, రేమస్‌ను కిందికి లాగితే లోపలికి ఒరిగిన ముక్కకు చోటు దొరికింది. ముక్కకు అతుక్కున్న లేటరల్ టెరిగాయిడ్‌ను కోయలేదు. దాన్ని ఒరగదోసినదీ ఆ కండరమే, ఇప్పుడు దానికి రక్తం అందించేదీ ఆ కండరమే. మెడ లోపలి పక్కన మాక్సిలరీ ధమని పోతుంది కనుక లోపలి వైపు పరికరాలు దూర్చలేదు. రెండు చిన్న ప్లేట్లు వేశాం: ఒకటి వెనక అంచు వెంబడి, రెండోది కొమ్ముల మధ్య వంపు కింద. పరోటిడ్ పైపొరను సందు లేకుండా కుట్టాం, లేకపోతే చర్మం నుంచి లాలాజలం కారుతుంది.

కట్లు విప్పి దవడను చేతితో తెరిచి మూసి చూశాం. పళ్ళు ఒకేసారి కలిశాయి.

ఆ తర్వాత

రెండు వారాలపాటు దవడను దారిలో పెట్టే తేలికపాటి రబ్బరు బ్యాండ్లు, ఆరు వారాలు మెత్తని ఆహారం. నోరు తెరిచే వ్యాయామం తొలి వారంలోనే మొదలుపెట్టించాం. నొప్పిగా ఉందని రోగి మానేయాలనుకునేది ఈ వారంలోనే, కాబట్టి అద్దం ముందు నిలబడి గడ్డం తిన్నగా దిగుతోందో లేదో చూసుకుంటూ చేయమని చెప్పాం.

మొదటి వారంలో ఒక చిత్రమైన స్థితి. కింది పెదవి ఎడమ సగానికి స్పర్శ లేదు, కదలిక ఉంది. కుడి సగానికి స్పర్శ ఉంది, కిందికి దిగడం లేదు. “డాక్టరుగారూ, ఎడమవైపు దెబ్బ తగిలితే కుడివైపు పెదవి ఎందుకు వంకర పోయింది?” అని అడిగాడు. స్పర్శను తెచ్చేది ఎముకలో నడిచే ట్రైజెమినల్ నాడి, కదిలించేది గ్రంథిలో నడిచే ముఖ నాడి. మొదటిదాన్ని ప్రమాదం నలిపింది, రెండోది ఆపరేషన్‌లో పక్కకు లాగి పట్టినప్పుడు అలిసింది. ఈ బలహీనత తాత్కాలికంగా రావచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నాం. ఎనిమిదో వారానికి కుడి పెదవి మామూలుగా దిగింది.

ఎడమ పెదవికి ఎక్కువకాలం పట్టింది. అయిదో వారంలో చీమలు పాకినట్టు మొదలైంది. తెగని నాడిలో లోపలి పోగులు దెబ్బతింటే అవి రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున తిరిగి పెరుగుతాయి, ఆ జిలజిల మంచి సూచన. కోరపన్ను మూడో నెలలో చల్లదనానికి స్పందించింది. గాయమైన తొలి వారాల్లో స్పందించని పన్నుకు రూట్ కెనాల్ చికిత్స చేయాలని తొందరపడేవారున్నారు. నాడి దెబ్బతిన్నప్పుడు పన్ను బతికే ఉన్నా జవాబు చెప్పలేదు, అందుకే ఆగి చూశాం.

నోరు తెరుచుకోవడం ఆరు వారాలకు 36 మి.మీ., మూడు నెలలకు 43 మి.మీ. పూర్తిగా తెరిచినప్పుడు గడ్డం 2 మి.మీ. కుడికి వాలుతుంది, అతనికి అది తెలియదు. ఆరో నెల సీటీలో రెండు ఫ్రాక్చర్లూ అతికాయి, రేమస్ ఎత్తు రెండువైపులా సమానం. కుడి కండైల్ తల ఉపరితలం నునుపుగానే ఉంది, ఎముక కరిగిన జాడ లేదు. పెదవి మీద ముందు గీసిన బొమ్మలో గడ్డం దగ్గర చిన్న ముక్క మినహా మిగిలినంతా స్పర్శ తిరిగొచ్చింది. ప్లేట్లు తీసేయాలా అని అడిగాడు. ఇన్ఫెక్షన్ రాకపోతే, వదులు కాకపోతే, చేతికి తగిలి ఇబ్బంది పెట్టకపోతే తీయనక్కర్లేదని చెప్పి, ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకోమన్నాం.